ఈ నెల ఏ రోజు కష్టమైంది: గుంటూరులో ఏఆర్‌టీ వాడేవాళ్ల బృందం ఎలా ఉంది?

గుంటూరులో ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, వాడేవాళ్లే నడుపుకునే బృందం ఇది. నెలకోసారి కూర్చుంటారు. పేరూ వీధీ ఇక్కడ రాయడం లేదు. ఆ గుమ్మంలోకి ఎవరెవరు వెళ్తున్నారో కనిపెట్టే కళ్లు ఊళ్లో చాలానే ఉన్నాయి. మందులిచ్చే సెంటర్‌లో కౌన్సిలర్‌ని అడిగితే ఇలాంటి బృందాల వివరాలు చెబుతారు. హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు, డబ్బులు పడవు.

ముందు మెచ్చుకోవాల్సింది ఒకటుంది. ఇక్కడ నలుగురిలో డబ్బా తెరిపించి మాత్రలు లెక్కపెట్టరు. దీని విలువ తెలియాలంటే లెక్కలోకి వెళ్లాలి. ఏఆర్‌టీలో ఎక్కువమంది వాడే టీఎల్‌డీ అంటే టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన ఒకే మాత్ర. రోజుకొకటి, డబ్బాకు 30. నెలలో ఒకటి తప్పితే వాడకం 96.7 శాతం, రెండు తప్పితే 93.3. సెంటర్లో చూసే హద్దు 95. అంటే రెండో మాత్ర తప్పగానే హద్దు కిందికి జారినట్టే. ఈ లెక్క కౌన్సిలర్ గదిలో, విడిగా కూర్చోబెట్టి చూసుకోవాల్సింది. కొన్నిచోట్ల బృందాలే అందరి ముందూ చూడటం మొదలుపెట్టాయి. దాంతో తప్పిన సంగతి బయటపడకుండా, మిగిలిన మాత్రలు మీటింగ్‌కి బయల్దేరే ముందే చెత్తబుట్టలో పడుతున్నాయి.

నష్టం అక్కడితో ఆగదు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, 1000 దాటి వస్తుంది, సెంటర్‌లో ఇచ్చే గ్రీన్ బుక్‌లో మాత్రం నూరు శాతం వాడినట్టు ఉంటుంది. అప్పుడు మందే పనిచేయడం లేదేమోనన్న అనుమానం వస్తుంది. పద్ధతి ప్రకారం మూడు నెలలు గట్టిగా కౌన్సెలింగ్ ఇచ్చి, మళ్లీ పరీక్ష చేస్తారు. అప్పుడూ నిజం దాచితే, బాగా పనిచేసే మందును పోగొట్టుకుని వేరే మందులకు మారాల్సి రావచ్చు. ఇదంతా నలుగురిలో సిగ్గుపడాల్సి వచ్చినందుకు.

ఈ బృందం నడిపే అక్క అడిగేది ఒక్కటే: "తమ్ముడూ, ఈ నెల ఏ రోజు కష్టమైంది?" ఆ ప్రశ్నకు జవాబులు వస్తాయి. చుట్టాలింట్లో పెళ్లి, పడుకునే చోటు లేదు. మిర్చి కోతలకు తెల్లారకముందే ఆటో ఎక్కాలి. సంచిలో డబ్బా గలగలమంటుంది, పక్కనున్న ఆమె అడుగుతుంది. అప్పుడు అక్క డబ్బా తీసి చెవి దగ్గర ఆడిస్తుంది. మాత్రల మీద శుభ్రమైన పొడి దూది ఉంచి, మూత బిగించి మళ్లీ ఆడిస్తుంది. చప్పుడు ఉండదు. లోపల తేమ పీల్చే చిన్న పొట్లాన్ని మాత్రం తీయొద్దని, కొత్త డబ్బాకు కొత్త దూది పెట్టమని చెబుతుంది. ఎండాకాలం డబ్బాను బండి డిక్కీలో వదలొద్దని కూడా. 30 డిగ్రీల లోపు ఉండాల్సిన మందు అది, మన మే నెల ఎండ సంగతి తెలిసిందే.

మాత్ర మరిచిపోతే ఏం చేయాలో కూడా సరిగ్గానే చెబుతున్నారు. గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, తర్వాతి మాత్ర వేళ దగ్గరపడితే వదిలేయాలి, రెండూ కలిపి మింగకూడదు. నిద్ర పట్టడం లేదన్నవాళ్లకు మాత్రను పొద్దుటికి మార్చుకునే విషయం కౌన్సిలర్‌తో మాట్లాడమంటున్నారు.

మన మాత్రతో పాటు వాడే వేరే మందుల దగ్గర మాత్రం బృందం తడబడుతోంది. గ్యాస్ సిరప్ సంగతి చెబుతారు, వేళలు చెప్పరు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందుకు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో మన మాత్ర వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలైతే అన్నంతో పాటు కలిపి వేసుకోవచ్చు, ఖాళీ కడుపున కూడదు. టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లకు డోలుటెగ్రావిర్ 50 ఇంకొకటి, 12 గంటల తేడాతో, డాక్టరు అదనంగా రాస్తారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి, దాని మోతాదు తగ్గించాల్సి రావచ్చు. ఈ నాలుగు ముక్కలూ అట్ట మీద రాసి గోడకు తగిలిస్తే సరిపోయే పని. ఇంతవరకూ చేయలేదు.

మీటింగ్ వేళ ఇంకో ఇబ్బంది. మందు కుదురుకున్నవాళ్లకు సెంటర్‌లో మూడు నెలల మందు ఒకేసారి ఇస్తున్నారు. తెనాలి, నరసరావుపేట వైపు నుంచి వచ్చేవాళ్లు నెలనెలా మీటింగ్‌కి రావాలంటే మధ్యలో రెండుసార్లు బస్సు చార్జీ, రెండు రోజుల కూలీ పోతాయి. కొత్తవాళ్లకు మొదటి ఆరు నెలలూ నెలనెలా పెట్టి, పాతవాళ్లకు మందుల రోజునే పెడితే బాగుంటుంది. మగవాళ్లు తక్కువగా రావడానికి కూలీ నష్టం కూడా ఒక కారణం. పుట్టుకతో హెచ్‌ఐవీ వచ్చి ఇప్పుడు కాలేజీ వయసుకు చేరిన పిల్లలకైతే ఇక్కడ ఏమీ లేదు, వాళ్లకు వేరే గంట కావాలి.

పింఛను పనిలో మంచి సాయం దొరుకుతుంది. ఎన్టీఆర్ భరోసా కింద ఏఆర్‌టీ వాడేవాళ్లకు నెలకు 4,000 రూపాయలు. దరఖాస్తుకు ఏ కాగితాలు కావాలో, సెంటర్‌లో ఎవరి సంతకం పట్టాలో ఓపిగ్గా చెబుతారు.

ఇక వెంటనే మార్చుకోవాల్సినవి రెండు. వాట్సాప్ గ్రూపు పేరులోనే 'పాజిటివ్' అని ఉంది, అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఇంట్లో పిల్లలు ఫోన్ పట్టుకుంటే చాలు, బయటపడటానికి. అందరికీ విడివిడిగా చేరే బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టుకోవాలి. రెండోది హాజరు పుస్తకం. సంతకం పెట్టేటప్పుడు పైవాళ్ల పూర్తి పేర్లు, ఊళ్లు చదవొచ్చు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం, నమ్మి చెప్పిన విషయాన్ని అనుమతి లేకుండా బయటపెట్టకూడదంటోంది. మొదటిసారి వెళ్లేవాళ్లు పూర్తి పేరు రాయక్కర్లేదు, ఒక అక్షరం చాలు. అలా రాస్తామంటే అక్క కాదనదు, అడగాలంతే.