ఓమ్రాన్ 7120 బీపీ మిషన్: మిషన్ బాగుంది, పట్టీతోనే పేచీ

వరంగల్ మెడికల్ షాపుల్లో బీపీ మిషన్ అడిగితే తరచుగా కౌంటర్ మీదికి వచ్చే పెట్టె ఓమ్రాన్ హెచ్‌ఈఎం-7120. జబ్బకు కట్టే రకం. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, అడాప్టర్ విడిగా కొనుక్కోవాలి. ఏడాదికోసారి చూసుకుని అటక మీద పెట్టేవాళ్లకు ఏ మిషనైనా ఒకటే. అదే మనుషులను ఏళ్ల తరబడి కొలుస్తూ, ఎవరికి పక్షవాతం వచ్చింది, ఎవరికి గుండెపోటు వచ్చింది అని లెక్క తీసే సర్వేవాళ్లకు మాత్రం దీని మంచీచెడూ వేరేగా కనిపిస్తాయి.

ముందు మంచి. పాదరసం మిషన్‌తో చూసిన ఏ రిజిస్టరైనా తిరగేయండి: 120/80, 130/80, 140/90. చివరంకె ఎక్కువగా సున్నాయే. చెవి 134 దగ్గర విన్నా చెయ్యి 130 రాసేస్తుంది. ఈ మిషన్‌లో ఆ బాధ లేదు. చూసే మనిషి మారినా చదివే తీరు మారదు. 5 లక్షల మందిని చేర్చుకున్న బ్రిటన్ ఆరోగ్య అధ్యయనం యూకే బయోబ్యాంక్ కూడా ఓమ్రాన్ వాళ్ల 705 రకం డిజిటల్ మిషన్‌నే వాడింది.

కంపెనీ చెప్పే తేడా 3 పాయింట్లు, అటో ఇటో. ఇంట్లో దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఊరంతా కొలిచేటప్పుడు వదిలేయడానికి లేదు. 61 అధ్యయనాల్లోని 10 లక్షల మంది వివరాలు కలిపి 2002లో తీసిన లెక్క ప్రకారం, నడి వయసులో పై బీపీ 2 పాయింట్లు తగ్గితేనే పక్షవాతం మరణాలు దాదాపు 10 శాతం తక్కువ. మిషన్ తేడా ఎప్పుడూ ఒకే వైపుంటే, మిషన్ మార్చిన రోజే ఊరి బీపీ మారినట్టు కనిపిస్తుంది. అందుకే మిషన్ నంబరు కూడా ఫారంలో రాసుకోవాలి.

ఇక అసలు పేచీ పట్టీ. పెట్టెలో వచ్చేది 22 నుంచి 32 సెంటీమీటర్ల జబ్బకు సరిపోయేది. కొనేముందు టేపుతో భుజానికీ మోచేతికీ నడిమధ్య చుట్టుకొలత చూడండి. లావు జబ్బకు ఇదే కడితే బీపీ లేకున్నా ఉన్నట్టు చూపిస్తుంది. 2023లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో, పెద్ద పట్టీ కావాల్సినవాళ్లకు మామూలుది కడితే పై అంకె సగటున 4.8, మరీ పెద్దది కావాల్సినవాళ్లకు 19.5 పాయింట్లు ఎక్కువ వచ్చింది. మన పల్లెల్లో దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంటుంది: ఎండిపోయిన జబ్బల ముసలివాళ్లకు పట్టీ వదులై, ఉన్న బీపీ తక్కువగా కనిపిస్తుంది. అది ఎవరి కంటా పడదు. వేరే సైజు పట్టీ కొనకుండా ఈ మిషన్‌తో సర్వేకు వెళ్లడం దండగ.

కట్టేటప్పుడు పట్టీ కింది అంచు మోచేతి మడతకు 2 సెంటీమీటర్ల పైన ఉండాలి, గొట్టం లోపలి వైపు కిందికి రావాలి. బిగుతు జాకెట్ చేతిని పైకి నెట్టి కట్టొద్దు. అది రక్తనాళాన్ని ముందే నొక్కేస్తుంది. నులక మంచం మీద కూచోబెడితే వీపుకు ఆనిక ఉండదు, చెయ్యి ఒళ్లోకి జారుతుంది. గుండె కన్నా చెయ్యి 10 సెంటీమీటర్లు కిందికుంటే 7–8 పాయింట్లు పెరుగుతాయి. ప్లాస్టిక్ కుర్చీ, చేతి కింద దిండు చాలు. చాయ్ తాగినా బీడీ కాల్చినా అరగంట ఆగాలి. మూత్రం వస్తున్నట్టుంటే ముందు పోయి రానివ్వాలి. కొలిచేటప్పుడు మాటలొద్దు. మన దగ్గర అన్నిటికన్నా కష్టం ఇదే: పక్కింటామె వచ్చి పలకరించకుండా ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టెప్స్ సర్వే పద్ధతిలో 15 నిమిషాలు కూచోబెట్టి, 3 నిమిషాల ఎడంతో మూడుసార్లు చూసి, మొదటిది వదిలేసి మిగతా రెండింటి సగటు తీసుకుంటారు. మొదటిసారి దడకు అంకె పెరుగుతుంది కాబట్టి. మూడు అంకెలూ నోట్‌బుక్‌లో రాయాలి, సగటు ఒక్కటే కాదు. ఇంట్లో సగటు 135/85 దాటితే డాక్టరుకు చూపించాలి.

ఇంకో చిక్కు కాలం. మే ఎండల్లో బీపీ తగ్గుతుంది, డిసెంబరు చలికి పెరుగుతుంది. మొదటి విడత జనవరిలో చేసి రెండోది మేలో చేస్తే ఊరు బాగుపడ్డట్టే ఉంటుంది. రెండు విడతలకూ ఒకే నెలలో వెళ్లాలి.

గుండె లయ తప్పినవాళ్లకు ఎర్రర్ రావచ్చు, లేదా అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి. మిషన్ పాడైందనుకుని పేరు కొట్టేయొద్దు, ఈసీజీకి పంపాలి. సెల్స్ అరిగినా గాలి సరిగ్గా ఎక్కక ఎర్రర్ వస్తుంది, ముందు అవి మార్చి చూడండి. మణికట్టు మిషన్లు సంచిలో తేలిగ్గా పడతాయని షాపతను చూపిస్తాడు, వద్దనండి; చెయ్యి కాస్త కిందికి జారినా అంకె మారిపోతుంది.