మిద్దె తోటలో వేసవి కుండీలకు ఏది మేలు: బాగుచేసిన పాత మట్టా, కొత్త మిశ్రమమా?

రథసప్తమి దాటిందంటే మిద్దె తోటలో చలికాలపు పంటలకు కాలం తీరినట్టే. క్యాబేజీ, క్యాలీఫ్లవర్ కోత ముగిసి ఉంటుంది, చిక్కుడు తీగ కొసలకు పేనుబంక పట్టి ఉంటుంది, టమాటా కింది ఆకులు ఎండిపోతుంటాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలంటారు. రథసప్తమికీ శివరాత్రికీ నడుమ ఉండే సుమారు మూడు వారాల్లోనే బెండ, బీర, సొర, గోరుచిక్కుడు గింజలకు కుండీలు సిద్ధం కావాలి. ఆలస్యమైతే తీగలు పూతకు వచ్చేసరికి ఎండ ముదిరి, మగపూలు ఎక్కువై, పిందెలు తగ్గిపోతాయి. అందువల్ల ఖాళీ అయిన కుండీల్లోని పాత మట్టినే బాగుచేసుకోవాలా, లేక దాన్ని తీసేసి కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపిన కొత్త మిశ్రమం నింపుకోవాలా అన్నది ఈ రోజుల్లోనే తేల్చుకోవలసిన విషయం.

కొత్త మిశ్రమానికున్న ప్రధానమైన బలం తేలికదనం. నలభై లీటర్ల టబ్బులో తడిసిన ఎర్రమట్టి దాదాపు అరవై కిలోలు తూగుతుంది కాబట్టి, పాత స్లాబు మీద ఇరవై ముప్పై టబ్బులు పెట్టేవారు బరువును తప్పక లెక్కలోకి తీసుకోవాలి. కొబ్బరిపొట్టు తేమను బాగా పట్టి ఉంచుతుంది, నారు పోయడానికి దానికి సాటి లేదు. అయితే అందులో మొక్కకు అందే పోషకాలు చాలా తక్కువ. సరిగా కడగని పొట్టులో ఉప్పు మిగిలి ఉండి లేత మొలకల ఆకు అంచులను మాడ్చేస్తుంది. పైగా మండుటెండల్లో పైపొర పొడిబారి కనిపించినా అడుగున తడి నిలిచే ఉంటుంది, ఆ సంగతి తెలియక మళ్లీ మళ్లీ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. మనిషి ఎత్తు పెరిగే బెండ మొక్కకు గాలిదుమారంలో నిలదొక్కుకునే పట్టు కూడా వట్టి పొట్టులో దొరకదు.

పాత మట్టిలో తరిగిపోయింది సత్తువ, గుల్లదనం మాత్రమే, మట్టి కాదు. దాన్ని టార్పాలిన్ మీద గుమ్మరించి, వేర్లు ఏరి, గడ్డలు చిదిపి, నాలుగైదు రోజులు ఎండనిచ్చి, మూడు పాళ్ల మట్టికి ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, టబ్బుకు రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపితే చాలావరకు తిరిగి కోలుకుంటుంది. ఎరువు పేడ వాసన కొడుతున్నా, చేతిలో నలిపితే జిగురుగా అంటుకున్నా అది ఇంకా మాగలేదని అర్థం. అలాంటి ఎరువుతో వేరుపురుగు, చెదలు తోటలోకి వస్తాయి. బోరు నీళ్లు వాడేవారి కుండీల అంచున ఉప్పు పేరుకున్న తెల్లని పొర కనిపిస్తే, ఎరువు కలపడానికి ముందే మంచి నీళ్లు నిండా పోసి, రెండు మూడుసార్లు అడుగు రంధ్రం గుండా పారనివ్వాలి.

ఇక్కడ నిర్ణయం మార్చగలిగేవి వేర్లు. పీకిన టమాటా, వంగ, బెండ మొక్కల వేర్లను నీళ్లలో కడిగి వెలుతురులో చూడాలి. వేరు తానే ఉబ్బి ముడులు ముడులుగా కనిపిస్తే మట్టిలో నులిపురుగులు, అంటే వేర్లలో చేరి మొక్కను దెబ్బతీసే, కంటికి కనిపించనంత సన్నని పురుగులు ఉన్నట్టు. చిక్కుడు వేర్ల మీది బుడిపెలను చూసి మాత్రం కంగారు పడనక్కరలేదు: గోటితో గీరగానే ఊడివచ్చి, చిదిపితే లోపల గులాబీ రంగు కనిపించేవి నత్రజనిని స్థిరపరిచే మేలైన బుడిపెలు. వాటిని వేర్లతో సహా ముక్కలు చేసి మట్టిలోనే కలిపేయడం మంచిది.

ఈ లెక్కన వేర్లు శుభ్రంగా ఉన్న ప్రతి కుండీకీ నేను పాత మట్టికే ఓటు వేస్తాను. ఖర్చు తక్కువన్నది ఒక కారణమే. ఎండలు ముదిరినప్పుడు ఎర్రమట్టి, మాగిన ఎరువు కలిసిన టబ్బులో బెండ, గోరుచిక్కుడు నిలబడినంత ధీమాగా వట్టి పొట్టులో నిలబడవన్నది అంతకంటే పెద్ద కారణం. స్లాబు బలహీనంగా ఉన్న చోట, పందిరి తీగలకు పెద్ద టబ్బులు తప్పనప్పుడు, పాత మట్టిలో సగానికి సగం కొబ్బరిపొట్టు కలుపుకోవచ్చు.

వేరుముడులు కనిపించిన టబ్బులకు మాత్రం కొత్త మిశ్రమమే సరైనది, ఎందుకంటే బెండ, బీర, సొర, దోస అన్నీ ఆ నులిపురుగుకు ఇష్టమైన పంటలే. ఆ మట్టిని మిగతా కుండీల్లో కలపకుండా వేరుగా ఉంచి, ఏప్రిల్, మే నెలల్లో తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా గాలి చొరబడకుండా కప్పి, నాలుగు నుంచి ఆరు వారాలు నేరుగా ఎండలో ఉంచాలి. ఆ తరువాత అందులో మొదట బంతి వేస్తే, మిగిలిన నులిపురుగులు కూడా తగ్గుముఖం పడతాయి.