బ్యాంకు పరీక్షల రీజనింగ్: పుస్తకం ముందా, మాక్ టెస్ట్ ముందా? ఏది మేలు?

మా పిన్ని కొడుకు డిగ్రీ అవగానే బ్యాంకు పరీక్షల మీద పడ్డాడు. గదిలో రెండు లావుపాటి రీజనింగ్ (తర్కంతో తేల్చే ప్రశ్నల) పుస్తకాలు, ఫోన్‌లో రెండు యాప్‌లు, అందులో ఒకదానికి ఏడాది చందా కూడా కట్టేసి, ఓ పది మాక్‌లు, అంటే నమూనా పరీక్షలు, రాసేశాడు. మొన్న ఫోన్ చేసి, "అన్నా, మాక్‌లు ఆపి ముందు పుస్తకం మొత్తం పూర్తి చెయ్యనా, లేక ఇలాగే రాసుకుంటూ పోనా?" అని అడిగాడు.

ఈ ప్రశ్నకు నా దగ్గర ఒక పాత జవాబుంది. నంద్యాలలో కోచింగ్ తీసుకునే రోజుల్లో నాది పుస్తకం పార్టీ, నా రూమ్మేట్‌ది మాక్‌ల పార్టీ. ఎవరు ఎక్కడ కూర్చున్నారో తేల్చే సీటింగ్ అరేంజ్‌మెంట్ చాప్టర్‌లో ఒక్క లెక్క వదలకుండా చేశాన్నేను. వాడు రోజుకో మాక్ రాసి, స్కోరు చూసుకుని, టీ తాగడానికి వెళ్లేవాడు. ఆ ఏడాది ఇద్దరం ప్రిలిమ్స్‌లోనే, అంటే మొదటి వడపోత పరీక్షలోనే పోయాం. నేను హాల్లో మొదటి పజిల్‌ దగ్గరే తొమ్మిది నిమిషాలు కూర్చుండిపోయాను. వాడు అన్నీ ముట్టుకున్నాడు, సగం తప్పులు పెట్టాడు. ఏది మేలో చెప్పేముందు, రెండూ ఎక్కడ దెబ్బతీస్తాయో చూడాలి.

ముందు పరీక్ష కొలతలు. బ్యాంకు ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే సంస్థ ఐబీపీఎస్. దాని పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్), క్లర్క్ ప్రిలిమ్స్ రెండింట్లోనూ రీజనింగ్‌కు 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. అంటే ప్రశ్నకు 34 సెకన్లు. ఆ 20 నిమిషాలు దాటితే సెక్షన్ దానంతటదే మూసుకుపోతుంది, మిగిలిన టైం ఇంగ్లిష్ నుంచో మ్యాథ్స్ నుంచో తెచ్చుకోవడానికి ఉండదు. సాధారణంగా ఈ 35లో 15 నుంచి 20 దాకా పజిల్స్, సీటింగ్ నుంచే వస్తాయి, ఒక్కో సెట్‌కు ఐదేసి ప్రశ్నల లెక్కన. ఒక సెట్‌కు ఐదు నిమిషాలు వేసుకుంటే మూడు సెట్లకే పదిహేను నిమిషాలు పోతాయి. మిగతా ఇరవై ప్రశ్నలకు ఐదు నిమిషాలు! కాబట్టి అన్నీ చెయ్యాలన్న పంతంతో కూర్చుంటే ఈ సెక్షన్ గట్టెక్కదు.

పుస్తకం ఇచ్చేదేమిటో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఆరుగురు ఒకే వరసలో ఉత్తరం వైపు తిరిగి కూర్చున్నారు: లక్ష్మి, రవి, సుజాత, గోపి, అనిత, కిరణ్. అనితకు ఎడమ వైపు మూడో స్థానంలో గోపి. గోపికి కుడి పక్కనే లక్ష్మి. రవి ఏదో ఒక చివర ఉన్నాడు. రవికి, సుజాతకు మధ్య ఇద్దరున్నారు. రవి పక్కన కిరణ్ లేడు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మొదటి వాక్యం చదవగానే పెన్సిల్ కదుపుతారు. గోపి ఒకటిలో ఉంటే అనిత నాలుగులో, రెండులో ఉంటే ఐదులో, మూడులో ఉంటే ఆరులో. మూడు బొమ్మలు. తర్వాతి వాక్యాలు చదివేకొద్దీ వాటిలో కొట్టివేతలు, బాణాలు. చేయి తిరిగినవాళ్లు ముందు అన్నీ ఒకసారి చదివి, రవి వాక్యాలు రెండూ కలిపి పట్టుకుంటారు. రవి ఎడమ చివర ఉంటే సుజాత నాలుగులో, కుడి చివర ఉంటే సుజాత మూడులో. రెండే బొమ్మలు. మొదటి బొమ్మలో గోపి, లక్ష్మి, అనిత పట్టే చోటు ఒక్కటే: రెండు, మూడు, ఐదు. కిరణ్ ఆరులో. రెండో బొమ్మలో ఒకటి, రెండు, నాలుగు. అప్పుడు కిరణ్ ఐదులోకి, అంటే రవి పక్కకి వస్తాడు. అది కుదరదన్నారు కదా. కాబట్టి ఎడమ నుంచి రవి, గోపి, లక్ష్మి, సుజాత, అనిత, కిరణ్.

ఏ వాక్యంతో మొదలుపెట్టాలో పసిగట్టే ఈ చూపు మాక్ టెస్ట్‌లో రాదు. అక్కడ గడియారం పరిగెడుతుంటే ఎవరైనా పాత అలవాటులోకే జారుకుంటారు. తీరిగ్గా కూర్చుని, ఒకే లెక్కను రెండు చోట్ల నుంచి మొదలుపెట్టి చూసినప్పుడే అది పట్టుబడుతుంది. నా లెక్కలో పుస్తకం గొప్పతనమంతా ఇదే, వెయ్యి ప్రశ్నలు ఉన్నందుకు కాదు. ఒక రకంలో ముప్పై నలభై పజిల్స్ అయ్యాక కొత్త సంగతి పెద్దగా ఏమీ ఉండదు. నేను అక్కడే మోసపోయాను. చాప్టర్ పూర్తి చేశానన్న తృప్తి కోసం, వచ్చిందే మళ్లీ మళ్లీ చేశాను.

పుస్తకంలో ఇంకో చిక్కుంది. చాప్టర్ పేరు పైన రాసి ఉంటుంది. సర్కులర్ సీటింగ్ (గుండ్రంగా కూర్చునేవాళ్ల) చాప్టర్‌లో ఉన్నామని తెలిసే లెక్క మొదలుపెడతాం. పరీక్షలో ఆ పేరు చెప్పేవాళ్లెవరూ ఉండరు. పైగా పుస్తకంలో లెక్క పక్కనే బొమ్మ వేసేస్తాం. హాల్లో ప్రశ్న కళ్లెదుట స్క్రీన్ మీద, బొమ్మ బల్ల మీద రఫ్ షీట్‌లో. తల ఎత్తి చదివి, దించి రాసి, మళ్లీ ఎత్తేసరికి ఏ లైన్లో ఉన్నామో వెతుక్కోవాలి. వినడానికి చిన్న విషయమే, కానీ మొదటిసారి రాసేవాళ్లను కంగారు పెట్టేది ఇలాంటివే. పుస్తకం చేసేటప్పుడు కూడా దాన్ని దూరంగా నిలబెట్టి, వేరే కాగితం మీద వెయ్యమని తమ్ముడికి చెప్పాను.

ఇక మాక్ టెస్ట్. అది నేర్పేది వదలడం. పజిల్ తెరుచుకోగానే ఇరవై సెకన్లలో తేల్చుకోవాలి, ఇది ఇప్పుడా, తర్వాతా, అసలు వద్దా అని. మనుషులు ఎంతమందో చెప్పారా? స్థిరంగా చోటు చూపించే వాక్యాలు ఎన్ని, 'పక్కన లేడు', 'చివర లేడు' అని తప్పించే వాక్యాలు ఎన్ని? పేర్లతో పాటు రంగు, ఊరు కూడా ఉన్నాయా? 'కొంతమంది ఒక వరసలో కూర్చున్నారు' అని మొదలైతే మొత్తం ఎంతమందో కూడా మనమే తేల్చాలి, దాన్ని నేను కళ్లు మూసుకుని చివరికి తోసేస్తాను. ఈ బేరం ఎన్ని పుస్తకాలు చదివినా రాదు, ఎందుకంటే పుస్తకంలో వదిలితే తప్పు చేసినట్టు అనిపిస్తుంది.

అయితే నా రూమ్మేట్‌కు రోజూ రాసినా ఇది ఎందుకు రాలేదు? రాసినంతసేపు కూడా తర్వాత దాని ముందు కూర్చోలేదు కాబట్టి. 20 నిమిషాల రీజనింగ్ సెట్ రాస్తే కనీసం 40 నిమిషాలు దాన్ని విప్పి చూడాలి. తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కనా ఒక ముక్క రాసుకోవాలి: తెలియక పోయిందా, తప్పుగా చదివి పోయిందా, ముట్టుకోకూడనిది ముట్టుకుని పోయిందా. మొదటి రకం ఎక్కువుంటే మాక్‌లు ఆపి పుస్తకానికి వెళ్లాలి. మూడో రకం ఎక్కువుంటే పుస్తకం మూసేసి మాక్‌లే రాయాలి. తమ్ముడి ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ మూడు గడుల్లోనే ఉంది. రెండో రకానికి మాత్రం నా దగ్గర మందు లేదు, నిదానంగా చదవడం తప్ప.

గుడ్డిగా జవాబులు పెట్టడం గురించి కూడా ఒక మాట. తప్పుకు పావు వంతు కోత, ఆప్షన్లు ఐదు. ఐదు ప్రశ్నలు కళ్లు మూసుకుని పెడితే సగటున ఒకటి తగులుతుంది, నాలుగు తప్పుల కోతకు ఆ ఒక్కటీ పోతుంది. లాభం సున్నా. ఒక ఆప్షన్‌ను గట్టిగా కొట్టేయగలిగితే లెక్క కాస్త మన వైపు మొగ్గుతుంది, రెండు కొట్టేస్తే ఇంకాస్త. ఏమీ తెలియకుండా నింపుకుంటూ పోవడం వల్ల టైం వృథా, అంతే.

ఫోన్‌లో డైలీ క్విజ్‌లు ఈ రెండింటికీ పోటీ అని నేను అనుకోను. బస్సులో, టీ కొట్టు దగ్గర ఇన్‌ఈక్వాలిటీలు (ఏది పెద్ద, ఏది చిన్న), ఆల్ఫాబెట్ సిరీస్ (అక్షరాల వరస), డైరెక్షన్లు (దిక్కులు) చేసుకోవడానికి బాగుంటాయి. పజిల్స్ మాత్రం ఫోన్‌లో వద్దు. బొమ్మ వెయ్యకుండా జవాబు మీద వేలు పెట్టే అలవాటు వస్తుంది, అది వదలదు.

మార్కెట్లో పాత పేపర్ల పేరుతో దొరికేవాటికి మోజు ఎక్కువ. ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి: ఐబీపీఎస్ పరీక్ష అయ్యాక ప్రశ్నపత్రం బయటికి ఇవ్వదు. మనకు దొరికేవన్నీ రాసి వచ్చినవాళ్లు గుర్తుంచుకుని చెప్పినవాటితో కూర్చినవి. పైగా పరీక్ష చాలా షిఫ్టుల్లో జరుగుతుంది, ఒక షిఫ్ట్‌ది చూసి మిగతావీ అలాగే ఉంటాయనుకోలేం. ఏ రకం ప్రశ్నలు ఎన్ని వచ్చాయి, పజిల్స్ ఎంత బరువుగా ఉన్నాయి అన్నది తెలుసుకోవడానికి ఇవి మాక్‌ల కంటే నమ్మకమైనవే. కానీ అందులో ఒక వాక్యం జారిపోయి జవాబు రాకపోతే గంటసేపు తల బాదుకోవద్దు. లోపం మీది కాకపోవచ్చు.

మరి తెలుగులో చేయాలా, ఇంగ్లిష్‌లోనా? క్లర్క్‌కు, గ్రామీణ బ్యాంకుల పరీక్షలకు తెలుగులో రాసే వీలుంది. పీఓకు ఇంగ్లిష్, హిందీ మాత్రమే. రెండూ రాసే ఉద్దేశం ఉంటే ఇంగ్లిష్‌లో సాధన చేయడమే మేలంటాను, తెలుగులో మంచి మాక్‌లు తక్కువ కాబట్టి కూడా. అయితే తలలో ఆలోచన తెలుగులోనే నడుస్తుంది కదా, అక్కడ బ్లడ్ రిలేషన్స్, అంటే బంధుత్వాల ప్రశ్నలు, తమాషాగా ఇరికిస్తాయి. మనకు అమ్మ తమ్ముడూ మామే, భార్య తండ్రీ మామే. నాన్న అక్కచెల్లెళ్లు అత్తలే, మొగుడి తల్లీ అత్తే. మన ఇళ్లలో మేనరికాలు నడిచాయి కాబట్టి ఆ మాటలు అలా కలిసిపోయాయి, పరీక్షలో మాత్రం అవి వేర్వేరు గడులు. ఇటు చూస్తే ఇంగ్లిష్‌లో బ్రదర్ ఇన్ లా అని ఒక్క మాట అనేస్తారు, మనకు బావ, బావమరిది, మరిది విడివిడిగా ఉన్నారు. అందుకే వరస పేర్లతో ఆలోచించకుండా తరానికో అడ్డగీత గీసి, మగవాళ్లకు ప్లస్, ఆడవాళ్లకు మైనస్ పెట్టుకుంటూ పోవడం క్షేమం. జవాబు దగ్గర మాత్రమే పేరు పెట్టాలి.

సిలాజిజంలోనూ, అంటే ఇచ్చిన వాక్యాల నుంచి ఏది తేలుతుందో చెప్పే ప్రశ్నల్లోనూ, ఇలాంటిదే ఒక మెలిక. 'కొన్ని పెన్నులు మాత్రమే పుస్తకాలు. పుస్తకాలన్నీ సంచులు.' ఆ 'మాత్రమే' వల్ల పుస్తకాలు కాని పెన్నులు కూడా కొన్ని కచ్చితంగా ఉన్నట్టే. కాబట్టి పెన్నులన్నీ పుస్తకాలయ్యే అవకాశం లేదు. కానీ పెన్నులన్నీ సంచులయ్యే అవకాశం? ఉంది. మిగిలిన పెన్నులు సంచులు కాకూడదని ఎవరూ అనలేదు. వీటికి రూల్స్ బట్టీ పట్టాలా, వృత్తాలు గీయాలా అని వాదించుకునేవాళ్లం మేం. ఇలాంటి 'అవకాశం' ప్రశ్నలకు వృత్తాలే నయం, గీసి చూస్తే కళ్లకు కనపడుతుంది.

తమ్ముడికి ఇంకా నాలుగు నెలల టైం ఉంది. మొదటి ఆరు వారాలు పుస్తకం, అది కూడా ఏదో ఒక్కటే, రెండోది అమ్మేయమన్నాను. ఆ ఆరు వారాల్లో కూడా వారానికొక 20 నిమిషాల సెట్, స్కోరు ఎంత వచ్చినా సరే. తర్వాత వారానికి నాలుగు సెట్లు, మూడు గడుల నోట్స్ చెప్పినదాన్ని బట్టి పుస్తకంలోకి వెనక్కి. మూడు వారాలే చేతిలో ఉంటే సలహా వేరు. కొత్త చాప్టర్లు తెరవకుండా రోజుకో సెట్, పజిల్స్ లేని ఇరవై ప్రశ్నలు ముందు తొమ్మిది పది నిమిషాల్లో ముగించడం, మిగతా టైంలో తేలికైన రెండు పజిల్స్. ప్రిలిమ్స్ దాటాక రాసే మెయిన్స్‌లో ఇన్‌పుట్ అవుట్‌పుట్ (పదాలు, అంకెలు మెట్టు మెట్టుగా ఎలా మారాయో పట్టడం), డేటా సఫిషియెన్సీ (ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందా అని తేల్చడం), వాదనలు బేరీజు వేసే ప్రశ్నలు కూడా తగులుతాయి, వాటికి మళ్లీ పుస్తకమే దిక్కు.

"అయితే చందా దండగేనా అన్నా?" అన్నాడు చివరికి. కాదురా, ఇప్పటిదాకా రాసిన ఆ పది మాక్‌లు ముందు విప్పి చూడు అన్నాను. నిన్న రాత్రి నోట్స్ ఫొటో పంపాడు. మూడో గడిలోనే పద్నాలుగు ప్రశ్నలున్నాయి.