ఏటి గట్టున గది, ఎండిన నదిలో కారు: ఆగస్టులో హరిద్వార్, డెహ్రాడూన్

ఆగస్టులో హిమాలయాల వైపు వెళ్తున్నామంటే చుట్టాలందరూ తిట్టినవాళ్ళే. నాన్న రిటైరై చేతిలో ఖాళీ దొరికింది అప్పుడే మరి. గంగోత్రి దారిలోని ధరాలీ ఊరు బురదలో కూరుకుపోయి (2025 ఆగస్టు 5) అప్పటికి మూడు వారాలు. అందుకే గంగోత్రి మాట ఎత్తకుండా హరిద్వార్, రిషికేశ్, డెహ్రాడూన్ మాత్రం పెట్టుకున్నాం. కొండ ఎక్కకపోతే భయం లేదనుకున్నాం. ఆ ధీమా మొదటి రాత్రే పోయింది.

డెహ్రాడూన్‌లో ముందుగా బుక్ చేసింది సహస్రధార వైపు వాగు ఒడ్డున ఓ రిసార్టు. 'రివర్ వ్యూ' గది, రోజుకి 4,500. గది శుభ్రంగా ఉంది, ఆలూ పరాఠా వేడివేడిగా పైకే తెచ్చిచ్చారు, వంక పెట్టడానికి లేదు. కానీ బాల్కనీలోంచి కిందికి చూస్తే ప్రహరీ గోడ మీద నడుమెత్తున బురద చార. కౌంటర్లో కుర్రాణ్ణి అడిగితే "పురానా హై సర్" అన్నాడు. పాతదైతే మాత్రం, అంత ఎత్తుకి వచ్చిందా లేదా? రాత్రి పదకొండు దాటాక వాగులోంచి గూడ్సు బండి పోతున్నట్టు చప్పుడు. నీళ్ళ హోరు కాదది, అడుగున రాళ్ళు దొర్లుతున్న మోత. అమ్మ తెల్లారేదాకా మంచం మీద కూర్చునే ఉంది. పొద్దున్నే ఖాళీ చేశాం. రెండో రోజు డబ్బు తిరిగివ్వలేదు.

తర్వాత ఊళ్ళో, ఏ వాగుకీ దగ్గర కాని మిట్ట మీద ఓ లాడ్జి. 2,200. దుప్పట్లు చెమ్మ వాసన, కిటికీ తీస్తే పక్కింటి గోడ. హాయిగా నిద్రపోయాం.

ఇక వాన కబుర్ల సంగతి. ఫోన్‌తో వచ్చిన వెదర్ యాప్ ఆరు రోజులూ మబ్బు బొమ్మ, 80 శాతం వాన చూపించింది. వానాకాలంలో ఆ మాట మా అమ్మా చెప్పగలదు. వాతావరణ శాఖ వాళ్ళ 'మౌసమ్' యాప్ నయం, కానీ జిల్లా మొత్తానికి ఒకే రంగు. రిషికేశ్, రెండు వేల మీటర్ల పైన ఉన్న చక్రాతా రెండూ డెహ్రాడూన్ జిల్లాయే. ఆరెంజ్ అంటే ఎక్కడ పడుతుందని? తప్పు వాళ్ళది కాదు. దక్షిణం నుంచి వచ్చే తేమగాలి శివాలిక్ గుట్టలకీ ముస్సోరీ కొండకీ తగిలి ఒక్కసారిగా పైకి లేస్తుంది. అలా లేచిన మేఘం ఒక్క లోయ మీదే కుమ్మరించి పోవచ్చు. క్లౌడ్‌బరస్ట్ అంటే గంటలో 100 మిల్లీమీటర్లు, అదీ 20–30 చదరపు కిలోమీటర్ల మేర. వాన అంచనా వేసే మన కొత్త 'భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్' (2025 మే) నేలను 6 కిలోమీటర్ల గళ్ళుగా చూస్తుంది. అంతకు ముందున్నవి 12 కిలోమీటర్ల గళ్ళు. అంత చిన్న లోయలో పడే వాన గడి సందులోంచి జారిపోతుంది.

నాకు నిజంగా పనికొచ్చింది మూడు గంటల ముందు ఇచ్చే నౌకాస్ట్, సుర్కండా దేవి గుడి దగ్గరున్న వాతావరణ రాడార్ బొమ్మ. ముస్సోరీ మీద ఎర్రటి మచ్చ కనిపిస్తే చాలు, ఆ పూట ఏరు దాటే పని పెట్టుకోలేదు. ముందు రోజుల వాన కూడా లెక్కలోకి రావాలి. నేల తడిసి ఉబ్బి ఉంటే కొద్దిపాటి వానకీ నీరు ఇంకక నేరుగా వాగులోకే దూకుతుంది. వాతావరణ శాఖ ఫ్లాష్ ఫ్లడ్ గైడెన్స్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే వరదల అంచనా) ఈ తడిని కూడా లెక్కేస్తుంది. అన్నట్టు, రుతుపవన ద్రోణి (వానల్ని లాక్కొచ్చే అల్పపీడన పట్టీ) హిమాలయాల పాదాలకి జరిగితే మన దగ్గర వానలు ఆగి ఉక్కపోస్తుంది, కుంభవృష్టంతా అక్కడికి పోతుంది. ఇంట్లో కూర్చుని "ఎండలు బాగున్నాయి, బయల్దేరదాం" అనుకుంటే పొరపాటే.

డెహ్రాడూన్‌లో ఏటి ఒడ్డునున్న టప్‌కేశ్వర్ గుడి దగ్గర నీళ్ళ రంగు మారడం కళ్ళారా చూశాను. అమ్మ మెట్ల మీద కాళ్ళు కడుక్కుంటుంటే నీళ్ళు తేటగానే ఉన్నాయి. మా నెత్తిన చినుకు లేదు. మొదట ఆకులు, పుల్లలు వచ్చాయి. ఆ వెనకే ఓ పక్క నుంచి టీ రంగు పాయ. ప్రసాదాలమ్మే ముసలాయన మారు మాట్లాడకుండా బుట్ట సర్దేసి "మాతాజీ, ఊపర్ ఆయియే" అన్నాడు. పది నిమిషాల్లో ఆ మెట్టు మునిగింది. మేం ఇంటికొచ్చాక, సెప్టెంబరు 15–16 రాత్రి, ఆ ఏరే గుడి ఆవరణలోకి వచ్చేసింది. సహస్రధార వైపు దుకాణాలు కొట్టుకుపోయాయి. మా బాల్కనీ గది ఏమైందో మరి.

రిషికేశ్‌లో రాఫ్టింగ్ వానాకాలమంతా బంద్, అడిగి లాభం లేదు. టీటీడీ ఆంధ్రా ఆశ్రమంలో తెలుగు వినబడితే నాన్నకి ప్రాణం లేచొచ్చింది.

హరిద్వార్‌లో గంగ (సముద్ర మట్టం నుంచి లెక్క) 293 మీటర్లకి చేరితే హెచ్చరిక, 294 అయితే ప్రమాదం. గంగ మట్టం అందరూ కనిపెట్టుకునే ఉంటారు. ఎవరూ పట్టించుకోనిది ఖడ్ఖడీ దగ్గర సూఖీ నది. పేరే 'ఎండిన నది'. 2024 జూన్ 29న అందులో నిలిపిన కార్లు వరదకి తేలుతూ గంగలోకి వెళ్ళిపోయాయి. అయినా మా డ్రైవరు సరిగ్గా ఆ ఇసుకలోకే బండి దించబోయాడు, పార్కింగ్ డబ్బులు మిగులుతాయట. ఆకాశం నీలంగా మెరుస్తోంది. నాన్న పర్సు తీసి వంద నోటు ఇచ్చి, "బాబూ, గట్టు మీదే పెట్టవయ్యా" అన్నారు తెలుగులోనే. వాడికి ఎలా అర్థమైందో, రివర్స్ గేరు వేశాడు.