వంద సీసీ బండి మీద కర్నూలు నుంచి గండికోట

కర్నూలులో బయలుదేరి ఓర్వకల్లు, పాణ్యం, బనగానపల్లె, యాగంటి, బెలుం, జమ్మలమడుగు చూసుకుంటూ గండికోట ఎక్కి కడపలో దిగే దారి ఇది. మొత్తం సుమారు 300 కిలోమీటర్లు, రెండు రాత్రులు. ఇంత దూరం పెద్ద బండి లేనిదే ఎట్లా అనుకునేవాళ్ళు పాణ్యం దాటాక రోడ్డు పక్కన పావుగంట నిలబడి చూస్తే చాలు. ముందర గడ్డిమోపు, వెనక శనగల బస్తా, మధ్యలో మనిషి. అంతా ఒక టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీదే గుంతల్లో ఎగురుకుంటూ పోతుంటుంది. ఆ బండికి ఇద్దరు యాత్రికులూ రెండు సంచులూ ఏపాటి బరువు?

బండి ఎంపిక దగ్గరే సగం యాత్ర తేలిపోతుంది. ఎక్స్‌ఎల్ 100 ఇంజన్ 99.7 సీసీ, ట్యాంకు 4 లీటర్లు, 16 అంగుళాల చక్రాలు, కంపెనీ చెప్పే మోత 130 కిలోలు. కాళ్ళ దగ్గర ఖాళీ ఉంది కాబట్టి నీళ్ళ క్యాను, సంచి అక్కడే పడతాయి, బరువు కిందికి ఉంటుంది, బండి ఊగదు. గేర్లు లేవు. చదునులో అది సుఖం, దిగుడులో మాత్రం కష్టం. వేగం తగ్గగానే క్లచ్ దానంతట అదే వదిలేస్తుంది, ఇంజన్ పట్టు ఉండదు, బరువంతా డ్రమ్ము బ్రేకుల మీదే పడుతుంది. ఎగుడులో ఇద్దరితో పాకించారంటే క్లచ్ జారి వేడెక్కుతుంది, వాసన కూడా వస్తుంది. అప్పుడు ఒకరు దిగి నడవడమే మర్యాద. పెట్రోలు లెక్క లీటరుకు 45 కిలోమీటర్ల చొప్పున వేసుకోండి. పాత రెండు స్ట్రోకుల ఎక్స్‌ఎల్ అయితే లీటరుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలపాలి. ఇంకొంచెం పోస్తే ఇంజనుకు మంచిదనుకునేవాళ్ళ బండి సైలెన్సర్లో బొగ్గు పేరుకుని లాగడం మానేస్తుంది.

ఇద్దరు మనుషులు, సామాను అంటే స్ప్లెండరే మేలు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 బండి ఇంజనే 1994లో స్ప్లెండరుకు వచ్చింది. ఆ సిలిండరు దాదాపు నేలబారుగా పడుకుని ఉంటుంది. ఆ వాటం 1958 నాటి హోండా సూపర్ కబ్ అనే చిన్న బండిది. 2017 నాటికి ఆ కబ్‌లు పది కోట్లు తయారయ్యాయి. పడుకున్న సిలిండరుకు ఎదురుగాలి నేరుగా తగులుతుంది, అందుకే మన మేనెల ఎండలోనూ తట్టుకుంటుంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ప్లగ్గు ముందు చక్రానికి దగ్గర, వంకలో నీళ్ళు చిమ్మితే క్యాపు తడిసి బండి తడబడుతుంది. క్యాపు పీకి గుడ్డతో తుడిచి, రెండు నిమిషాలు ఆరబెట్టి కిక్ కొడితే చాలు.

ఇంజన్ ఆయిలు విషయంలో మాత్రం ఈ బండి అలుసుగా తీసుకునేది కాదు. పట్టేదే లీటరు లోపు. అందులో 200 మిల్లీలీటర్లు తగ్గితే దాదాపు నాలుగో వంతు పోయినట్టే. రోజూ పొద్దున చల్లగా ఉన్నప్పుడు, చదునులో సెంటర్ స్టాండు వేసి చూడాలి. ఆయిల్ పుల్లను మర బిగించి చూస్తే మట్టం తప్పు చూపిస్తుంది. తుడిచి, ఊరికే ఆనించి తీయాలి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు చాలా అరుదుగా ఆగుతాయి. ఆగాయంటే మాత్రం చెట్టుకింద మెకానిక్ చేతిలో పని కాదు, ఆటోలో వేసి నంద్యాలకో తాడిపత్రికో ప్రొద్దుటూరుకో తీసుకుపోవాలి. కార్బురేటర్ బండి పదిసార్లు సతాయించినా పదకొండోసారి కొలిమిగుండ్ల బస్టాండు దగ్గరే బాగవుతుంది. ఈ దారికి పాత బండికే ఓటు.

సామాన్లు కర్నూలులోనే కొనుక్కోండి, అక్కడ అన్నీ దొరుకుతాయి. వెనక చక్రం ట్యూబు ఒకటి, ప్లగ్గు, ప్లగ్గు పానా, 10-12, 14-17 పానాలు, టైరు తీసే పట్టీలు రెండు, కాలితో కొట్టే పంపు, చైను కొనలు కలిపే లాకులు రెండు, బైండింగ్ వైరు. క్లచ్ కేబులు, రేస్ కేబులు సంచిలో వద్దు. ఉన్న కేబులు పక్కనే కొత్తదాన్ని కూడా పరిచి టేపు చుట్టేయండి. పాతది తెగినప్పుడు కొత్తదాని రెండు కొనలు తగిలిస్తే అయిదు నిమిషాల పని.

ఓర్వకల్లు దాకా, ఆపైన పాణ్యం దాకా నాలుగు వరుసల హైవే. చిన్న బండికి ఈ దారిలో ఆనందం తక్కువ, లారీ గాలికి చేతులు నొప్పి పుట్టడమే ఎక్కువ. గంటకు 50 దాటకుండా ఎడమ అంచున పోవాలి. ఓర్వకల్లు రాతివనం పొద్దున్నే చూడాల్సింది. ఎండెక్కితే రాళ్ళు కాలుతాయి, నీడ తక్కువ, అరగంటకు మించి నిలబడలేరు. ఉగ్గాని బజ్జి కర్నూలులోనే కడుపునిండా తిని బయలుదేరితే బనగానపల్లె దాకా ఆగే పని లేదు.

బనగానపల్లె నుంచి యాగంటి సుమారు 14 కిలోమీటర్లు. కొండల మధ్య దారి చిన్న బండికి సరిగ్గా సరిపోతుంది. కోనేట్లోకి కొండలోంచి నీళ్ళు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. బసవన్న పెరుగుతున్నాడన్న నమ్మకం, కాకి వాలని క్షేత్రమన్న మాట అందరికీ తెలిసినవే. కాకులు లేకపోయినా కోతులున్నాయి, సంచి జిప్పులు తీస్తాయి, సీటు కవరు పీకుతాయి. మొదటి రాత్రి ఇక్కడి సత్రంలో ఉంటే ఖర్చు తక్కువ, నిద్ర ప్రశాంతం. పడక మాత్రం సాదాసీదా. శివరాత్రికి, కార్తీక సోమవారాలకు గదుల ఆశ వదులుకోవాలి. బనగానపల్లెలో లాడ్జీలున్నాయి, మెకానిక్కులు నడిచే దూరంలో ఉంటారు, రోడ్డు మోత మాత్రం భరించాలి. బండికి ఏదైనా పని ఉంటే బనగానపల్లె, లేకపోతే యాగంటి.

అసలు పరీక్ష బనగానపల్లె నుంచి బెలుం దాకా ఉన్న నలభై కిలోమీటర్ల చిల్లరలో ఉంది. అంతా నల్లరేగడి. ఎండాకాలం ఈ నేల బీటలు వారి ఊరుకుంటుంది. వాన పడిన మర్నాడు తారు దిగి పొలం బాట పట్టారా, మట్టి టైరుకు చుట్టుకుని మడ్‌గార్డు కింద చేరుతుంది. మొదట బండి బరువెక్కినట్టు ఉంటుంది, రేస్ ఇచ్చినా ముందుకు పోదు. ఇంకో ఇరవై అడుగులకు చక్రం తిరగడమే మానేస్తుంది. ముందు చక్రం అలా బిగిస్తే బండి పడినట్టే. అప్పుడు రేస్ ఇవ్వకూడదు, ఎక్స్‌ఎల్‌కు క్లచ్, స్ప్లెండరుకు చైను బలైపోతాయి. దిగి, కంది కట్టె తీసుకుని మడ్‌గార్డు లోపల చక్రం తిరిగే దిక్కుకు ఎదురుగా గీకుతూ, చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పుతూ రావాలి. ముద్దలు ముద్దలుగా రాలుతుంది. ఊళ్ళో రైతులు చాలామంది ముందు మడ్‌గార్డును ఇంత పైకెత్తి బోల్టు బిగించుకునేది ఇందుకే. దాని అందం సంగతి ఎవరికి కావాలి?

కొలిమిగుండ్ల చుట్టుపక్కల నాపరాళ్ళ గనులు. లారీల నుంచి రాలిన బండ పెచ్చులు రోడ్డు అంచున కత్తుల్లా పడి ఉంటాయి. అందుకని ఇక్కడ మాత్రం అంచు వదిలి కాస్త లోపలికి రావాలి. పెచ్చులు టైరును కోస్తే, కంపముల్లు, పల్లేరు కాయ ట్యూబును పొడుస్తాయి. పంచర్ వేయించేటప్పుడు ఒక్క పని దగ్గరుండి చేయించండి. టైరు లోపలి వైపు చుట్టూ గుడ్డ తిప్పమనాలి, ముల్లు మొన ఉంటే గుడ్డ తగులుకుంటుంది. విరిగిన ముల్లు లోపలే ఉండిపోతే పది కిలోమీటర్లకు మళ్ళీ అదే పంచర్, పాపం తిట్లు ట్యూబు తింటుంది. సొల్యూషన్ పెట్టి అతికించిన ప్యాచీ మన ఎండకు లేస్తుంది, వేడి మీద అచ్చు వేసేదే నిలుస్తుంది. గాలి కూడా అడిగి పట్టించుకోవాలి. స్ప్లెండరుకు ముందు 25 పీఎస్‌ఐ, వెనక ఒక్కరే అయితే 28, ఇద్దరైతే 40. అడక్కపోతే బొటనవేలితో నొక్కి చూసి సరే అనేస్తారు.

బెలుం గుహల్ని 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించాడు. 1982-83లో జర్మన్ గుహాన్వేషి డేనియల్ గెబావర్ బృందం కొలిచింది. పొడవు 3,229 మీటర్లు, జనం చూడడానికి తెరిచింది సుమారు సగం. పాతాళగంగ దగ్గర నేల మట్టం నుంచి 46 మీటర్ల లోతు. లోపల ఉక్క పోస్తుంది, మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళకు వంగి నడవడం కష్టం. హెల్మెట్, జాకెట్ మోసుకుని దిగొద్దు. మధ్యాహ్నం ఎండలో దారి పట్టేకంటే ఆ వేళకు గుహలోకి దిగడం తెలివైన పని, బండికి కూడా విశ్రాంతి. పక్కనే పర్యాటక శాఖ హరిత హోటలు ఉంది. అయినా రాత్రి ఇక్కడ గడపడం కంటే గండికోటకు పోవడమే లాభం.

బెలుం నుంచి గండికోట సుమారు 60 కిలోమీటర్లు. జమ్మలమడుగులో మూడు పనులు ముగించుకోవాలి: ట్యాంకు నింపడం, గాలి చూసుకోవడం, చైను సరిచేసుకోవడం. చైను సగం దూరంలో వేలితో ఎత్తితే 25 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఊగాలి. వదులైతే వెనక యాక్సిల్ నట్టు వదిలి, రెండు వైపులా గీతలు సమంగా వచ్చేటట్టు చక్రాన్ని వెనక్కి జరపాలి. ఇక్కడ అందరూ మరిచేది బ్రేకు. చక్రం వెనక్కి జరిగితే బ్రేకు రాడ్డు బిగుసుకుంటుంది. దాని నట్టు తిప్పి వదులు చేయకపోతే డ్రమ్ము అంటుకునే తిరుగుతుంది, మైలేజీ పడిపోతుంది, చక్రం మధ్యన చెయ్యి పెడితే కాలుతుంది. చక్రం పుల్లల్ని (స్పోకుల్ని) కూడా పానాతో ఒక్కొక్కటే మీటండి. టంగుమన్నది బిగువు, టప్పుమన్నది వదులు. రెండు మూడు వరసగా టప్పంటే రిమ్ము కట్టించుకునే కదలాలి.

కోటకు ఇంకో 15 కిలోమీటర్లు. ద్వారం దగ్గర వంకరలో కార్లు ముందుకూ వెనక్కూ ఆడుతుంటే చిన్న బండి సందులోంచి పోతుంది. పెన్న లోయ అంచు, మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం నడిచే చూడాలి. బసకు రెండు దారులు. హరితలో గది అయితే బండి ఆవరణ లోపలే ఉంటుంది, నీళ్ళ కొళాయి దొరుకుతుంది. గుడారం అయితే తెల్లారుజాము లోయ అంచు దగ్గరవుతుంది, కానీ శని, ఆదివారాల్లో పాటల హోరుకు నిద్ర పట్టదు, గాలికి గుడ్డ కొట్టుకుంటుంది. గుడారాలవాళ్ళను ముందే అడగాల్సింది రెండే: మరుగుదొడ్డి ఎంత దూరం, బండి ఎక్కడ పెట్టాలి. మెత్తని నేల మీద సైడు స్టాండు దిగబడి రాత్రికి బండి పడుతుంది, కింద నాపరాయి ముక్క పెట్టండి. అది వెతుక్కోవలసిన అవసరం ఇక్కడ రాదు.

దిగి కడపకు పోయే సుమారు 80 కిలోమీటర్లలో ముద్దనూరు, ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ట్యాంకర్లు, థర్మల్ కేంద్రం బూడిద లారీలు. వాటి వెనక అరగంట పోతే గాలి ఫిల్టరు మూసుకుంటుంది. పాత స్ప్లెండరులో నురగ ఫిల్టరు అయితే కిరోసిన్లో పిండి, ఆరబెట్టి, ఇంజన్ ఆయిలు పట్టించి గట్టిగా పిండి వేయాలి. కొత్తవాటిలో ఉండే జిగురు కాగితం ఫిల్టరును కడగకూడదు, గాలి కొట్టకూడదు, మార్చడమే. ఆ పని కడపలో ఎర్రకారం దోశ తినేలోపు అయిపోతుంది.