చలిలో చిన్న విమానం ఇంజిన్: వేడిగాలి గొట్టమా, కరెంటు హీటరా?

స్టార్ట్ అయితే చాలు అనుకుంటాం గానీ, గడ్డకట్టే చలిలో ఇంజిన్ అరిగిపోయేది ఆ స్టార్ట్ అయిన మొదటి నిమిషంలోనే. క్రాంక్‌కేస్, అంటే ఇంజిన్ బయటి పెట్టె, అల్యూమినియం; లోపల తిరుగుతూ ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు, క్రాంక్‌షాఫ్ట్, ఉక్కు. చలికి అల్యూమినియం ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి బేరింగుల దగ్గర ఆయిల్ పారాల్సిన సందు సన్నబడుతుంది, ఆయిలేమో ఆముదంలా చిక్కబడి కదలనంటుంది. అందుకే ఇంజిన్లు తయారుచేసే లైకమింగ్ వాళ్లు చాలా మోడళ్లకు చలి మైనస్ 12 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగితే, కాంటినెంటల్ వాళ్లు మైనస్ 7 కంటే దిగితే చాలు, ముందు వేడి చెయ్యమంటారు.

వేడిగాలి హీటర్‌ది ఒకటే గొప్ప, ప్లగ్ పాయింట్ లేని చోట కూడా పని జరుగుతుంది. చిక్కేమిటంటే పది నిమిషాలకే సిలిండర్లు వెచ్చబడి ఇంజిన్ చక్కగా అందుకుంటుంది, మనమూ మోసపోతాం, ఎందుకంటే కింద సంప్‌లో (ఆయిల్ నిలిచే అడుగు తొట్టిలో) ఆయిల్ ఇంకా చల్లగానే ఉంటుంది. ఒకసారి ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్, తీసి చూడండి, చుక్క రాలకుండా సాగుతూ వేలాడుతుంటే ఇంకా టైమ్ పడుతుందన్నమాట. అరగంటైనా ఉంచాలి, అందులో సగంసేపు గొట్టం కింది నుంచి సంప్ మీదికి తిప్పాలి. దగ్గర మనిషి లేకుండా మాత్రం వదలొద్దు, ఇంజిన్ దగ్గరి రబ్బరు గొట్టాలు, వైర్లు కాలిపోతాయి.

కరెంటు ఉంటే నా ఓటు ఎలక్ట్రిక్ హీటర్‌కే, అదీ సంప్‌కి, సిలిండర్లకి రెండింటికీ ఉన్నది. రాత్రి ప్లగ్ పెట్టి పైన దుప్పటి కప్పితే తెల్లారేసరికి లోహమంతా ఒకేలా వెచ్చబడుతుంది. ప్రొపెల్లర్‌కి కూడా తొడుగు వెయ్యండి, లేదంటే లోపలి వేడిని అదే బయటికి లాగేస్తుంది.

సంప్ ఒక్కదానికే అంటించే ప్యాడ్ చవకే, కానీ దాన్ని రోజుల తరబడి ఆన్‌లో ఉంచేస్తే ఆయిల్‌లోని తేమ ఆవిరై పైనున్న చల్లని క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిపించే ఇరుసు) మీద నీరై తుప్పు పట్టిస్తుంది. ఎగరబోయే ముందు రాత్రి పెట్టుకోండి, అంతే.

ఇక స్టార్టింగ్. స్టార్ట్‌కి ముందు సిలిండర్ల వైపు పెట్రోలు చిమ్మే ప్రైమర్ ఉండగా, థ్రాటిల్‌ని ముందుకీ వెనక్కీ పంప్ చెయ్యడం దేనికో నాకర్థం కాదు. కార్బురేటర్ కిందున్న ఇంజిన్లలో ఆ పెట్రోలు కిందికి కారి, ఒక్క బ్యాక్‌ఫైర్‌తో, అంటే మంట వెనక్కి తన్నితే, అంటుకుంటుంది. అంటుకుంటే స్టార్టర్ ఆపకుండా తిప్పుతూనే ఉండాలి, మంట లోపలికి లాక్కుపోతుంది. రెండుసార్లు అందుకుని ఆగిపోయిందా, స్పార్క్ ప్లగ్గుల మీద మంచు పట్టి ఉంటుంది. ఇక ఎంత తిప్పినా బ్యాటరీ చావడమే తప్ప ఫలితం ఉండదు, మళ్లీ హీటర్ దగ్గరికి వెళ్లాల్సిందే.