ఓ-ఫ్రేమ్ సింగిల్ స్టేజ్ రీలోడింగ్ ప్రెస్: ఏళ్ల వాడకం తరువాత

టెక్సాస్‌లో మా గరాజ్ బల్లకు బిగించిన పోత ఇనుప ప్రెస్ మీద చాలా ఏళ్లుగా .308 వించెస్టర్ తూటాలను, అప్పుడప్పుడు .223 రెమింగ్టన్ తూటాలను తిరిగి నింపుకొంటున్నాను. అంటే కాల్చాక మిగిలిన ఖాళీ ఇత్తడి కేసుకు కొత్త ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ పెట్టడం; దీన్నే రీలోడింగ్ అంటారు. ఈ సమీక్ష ఒక కంపెనీ సరుకు గురించి కాదు. నాలుగు వైపులా మూసుకున్న ఫ్రేముతో, ఒకసారికి ఒకే డై (కేసును లోపలికి నొక్కే ఉక్కు అచ్చు) పట్టే సింగిల్ స్టేజ్ ప్రెస్ అనే రకం గురించి. రైఫిల్ తూటాలకు ఇంతకన్నా నమ్మదగిన పనిముట్టు నాకు కనబడలేదు. ఇందులో ప్రతి ఇత్తడి కేసు ప్రతి దశలోనూ మన చేతిలోకి వచ్చి, మన కంటి ముందు నిలుస్తుంది. రీలోడింగ్‌లో ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ వాటికి మూలం ప్రెస్‌లో కాక ఆ కేసులోనే ఉంటుంది కనుక, ఈ నిదానమే దీని అసలు బలం.

పనిలోకి దిగే ముందు చట్టం సంగతి చెప్పాలి. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కరలేదు. అమ్మకానికి తయారు చేయాలంటే కావాలి. అయితే హెచ్-1బీ వంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా, తుపాకినే కాదు, ఒక్క తూటాను దగ్గర ఉంచుకున్నా ఫెడరల్ నేరమే. మన తెలుగువారిలో ఎంతోమంది గ్రీన్ కార్డు వచ్చేదాకా ఏళ్ల తరబడి ఈ వీసా మీదే ఉంటారు కాబట్టి, స్నేహితుడి బల్ల దగ్గర సరదాగా చేయి వేసే ముందు కూడా ఇది గుర్తుంచుకోవాలి. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయరాదు.

కొత్తవారిని అందరికన్నా ముందు పలకరించే చిక్కు సైజింగ్ డైలో, అంటే కాల్పుకు ఉబ్బిన కేసును మళ్లీ కొలతకు తెచ్చే డైలో, కేసు ఇరుక్కోవడం. లూబ్ (కేసుకు రాసే జారుడు పూత) చాలకపోతే ఇత్తడి డై గోడను పట్టుకుంటుంది. అప్పుడు పిడిని బలంగా వెనక్కి లాగితే కేసు అంచు చిరిగిపోతుంది తప్ప కేసు బయటికి రాదు. పిడి మామూలు కన్నా బరువుగా తగిలిన క్షణంలోనే ఆగి, కేసును వెనక్కి తీసి, మళ్లీ లూబ్ రాయడం ఉత్తమం. పూర్తిగా ఇరుక్కుంటే కేసు అడుగున రంధ్రం తొలిచి, మర కోసి, బోల్టుతో నెమ్మదిగా బయటికి లాగాలి. అందుకు విడిగా ఒక కిట్ దొరుకుతుంది. లూబ్ ఎక్కువైనా నష్టమే, ఎందుకంటే అది భుజం (కేసు సన్నటి మెడ వైపు వాలే చోటు) దగ్గర చేరి అక్కడ సొట్టలు వేస్తుంది. నేను వేలి కొసతో పలచగా రాసే ఇంపీరియల్ సైజింగ్ వ్యాక్స్‌నే ఇష్టపడతాను. మెడ లోపలికి పొడి గ్రాఫైట్ చాలు.

తూటా తుపాకి ఛాంబర్‌లో (కాల్చే ముందు అది ఇమిడే గదిలో) కూర్చోకపోతే ముందు చూడవలసినవి రెండు కొలతలు. మొదటిది కేసు పొడవు: .308కు గరిష్ఠం 2.015 అంగుళాలు, సాధారణంగా 2.005కు కత్తిరిస్తారు. రెండోది భుజం ఎంత వెనక్కి జరిగిందన్నది. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు (ప్రతి కాల్పుకూ చేత్తో బోల్టు తిప్పేది), అదే ఛాంబర్‌లో కాలిన కేసు కన్నా 0.002 అంగుళం వెనక్కి జరిపితే సరిపోతుంది. డైని షెల్ హోల్డర్‌కు (కేసు అడుగును పట్టుకునే భాగం) తగిలేదాకా దించి, ఇంకా కొంచెం తిప్పమనే సాధారణ సలహాను కొలవకుండా పాటిస్తే భుజం అతిగా వెనక్కి పోయి, ప్రతి కాల్పులో కేసు సాగి, చివరికి అడుగుకు కాస్త పైన తెగిపోవచ్చు. అక్కడ మెరిసే గీత కనబడితే, లేదా కొస వంచిన పేపర్ క్లిప్‌తో లోపల తడిమితే గాడి తగిలితే, ఆ కేసును నలిపి పారేయడమే పద్ధతి. ఓ-ఫ్రేమ్ బరువుకు వంగదు కనుక ఒకసారి కుదిర్చిన కొలత చివరిదాకా నిలుస్తుంది. ఈ ప్రెస్‌కు నేను పెట్టిన ప్రతి డాలరూ ఇందుకే సార్థకమైంది.

ప్రైమర్ల విషయంలో మాత్రం దీనికి నేను పూర్తి మార్కులు ఇవ్వను. కాలిన ప్రైమర్లు పళ్లెంలో పడక కొన్ని నేల మీదికి జారతాయి, ప్రెస్‌కు ఉన్న ప్రైమింగ్ మీటలో స్పర్శ తెలియదు. నేను చేతి ప్రైమింగ్ పనిముట్టుకు మారిపోయాను. ప్రైమర్ కేసు అడుగుతో సమంగా గాని, 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి గాని ఉండాలి. బయటికి పొడుచుకుని ఉండనే కూడదు. సైన్యపు ఇత్తడిలో ప్రైమర్ గుంట అంచు నొక్కి ఉంటుంది కాబట్టి ఆ అంచును తొలగించకుండా కొత్త ప్రైమర్ దిగదు. కాలిన ప్రైమర్‌ను బయటికి తోసే పిన్ను పదేపదే విరుగుతుంటే కేసు బెర్డాన్ రకమేమో చూడాలి. దాని అడుగున సాధారణంగా రెండు రంధ్రాలుంటాయి, నడిమధ్యన ఒక్కటి కాదు.

పౌడర్ తూకం దగ్గర రాజీ లేదు. మోతాదు తయారీదారు ప్రచురించిన పట్టిక నుంచే తీసుకోవాలి, కింది మోతాదుతోనే మొదలుపెట్టాలి, బల్ల మీద ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. డిజిటల్ త్రాసు గాలికి, పక్కనున్న ట్యూబ్‌లైటుకు కూడా కదులుతుంది. వేడెక్కనిచ్చి, తనిఖీ బరువుతో సరిచూడాలి. పౌడర్‌ను తూచే ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములే మరి. బుల్లెట్లు కూర్చోబెట్టే ముందు కేసులన్నిటినీ దిమ్మెలో నిలబెట్టి, టార్చి వేసి లోపలి మట్టం పోల్చి చూస్తాను. పౌడర్ లేని తూటాలో ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్‌ను గొట్టంలో ఇరికిస్తుంది, దాని వెనుక మరొకటి కాలిస్తే తుపాకి పగులుతుంది. కాబట్టి మోత బలహీనంగా వినబడితే అక్కడితో ఆపి, తుపాకి ఖాళీ చేసి, గొట్టం చూడాలి.

కేసుల శుభ్రతకు నేను నీటి టంబ్లర్‌లో (కేసులను నీటిలో దొర్లించి కడిగే యంత్రం) స్టీలు పిన్నులు, గిన్నెలు తోమే సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు వాడతాను. పొడి పద్ధతిలో లేచే దుమ్ములో సీసం ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో అది అసలు వద్దు. అమ్మోనియా కలిసిన ఇత్తడి పాలిష్‌లు కూడా తగవు. బ్రిటిష్ పాలనలో మన దేశంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి వానాకాలంలో తనంత తానే పగిలేది. గుర్రపు మూత్రం నుంచి లేచే అమ్మోనియాయే కారణమని 1921లో తేల్చారు. పదేపదే కాల్చిన కేసుల మెడలు గట్టిపడి చీలేది వేరే కారణం వల్ల, దానికి అనీలింగ్ (మెడను వేడిచేసి మెత్తబరచడం) మందు.

ఒక సాయంత్రంలో యాభై తూటాలు చాలనుకునే వేటగాడికి, దూరపు గురి సాధన చేసేవారికి ఈ రకం ప్రెస్ కొనమనే చెబుతాను. వారం వారం వందల 9 ఎంఎం తూటాలు కాల్చేవారు మాత్రం పలు డైలను ఒకేసారి పట్టి తిరిగే టరెట్ ప్రెస్ చూసుకోవడం మేలు.